సెకనుకోసారి రీసెట్

తొంభైల్లో టీవీ గేమ్ ఆడినవాళ్ళకి ఈ సీను గుర్తుండే ఉంటుంది. క్యాసెట్ పెడతాం, స్విచ్ వేస్తాం, తెర మీద బూడిద రంగో పిచ్చి గళ్ళో తప్ప ఏమీ రాదు. క్యాసెట్ పీకి, దాని మూతి దగ్గర నోరు పెట్టి "ఉఫ్" మని ఊది, మళ్ళీ గుచ్చి, రీసెట్ నొక్కుతాం. ఈసారి వచ్చేస్తుంది! బెజవాడలో మా ఇంట్లో ఈ ఊదే డ్యూటీ మా అన్నయ్యది. "నీకు ఊపిరి చాలదురా, ఇటు తే" అని లాక్కునేవాడు. నేను ఊదితే రాని గేమ్ వాడు ఊదితే వచ్చేది. అది వాడి ఊపిరి మహత్యం కాదని నాకు తెలిసేసరికి ఇంజనీరింగూ అయిపోయింది, పదేళ్ళ ఉద్యోగమూ అయిపోయింది.

(దాని అసలు పేరు కార్ట్రిడ్జ్. కానీ మనం ఎప్పుడన్నా అలా అన్నామా? క్యాసెట్ అనే అన్నాం. నేనూ ఇక్కడ అలాగే అంటాను.)

అమెరికా పిల్లలు కూడా అచ్చం ఇలాగే ఊదేవాళ్ళని చాలా ఏళ్ళ తర్వాత చదివాను. సముద్రాల అవతల, ఎవరూ ఎవరికీ నేర్పకుండా, అదే ఉఫ్, అదే రీసెట్. కానీ వాళ్ళ కథలో మన కథలో లేనిది ఒకటుంది. ఎర్ర లైటు. నింటెండో ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్ (పొట్టిగా ఎన్‌ఈఎస్) డబ్బా ముందు వైపు, పవర్ బటన్ పక్కన చిన్న ఎర్ర లైటు ఉంటుంది. అంతా బాగుంటే నిలకడగా వెలుగుతుంది. బాగాలేకపోతే సెకనుకోసారి వెలిగి ఆరుతూ ఉంటుంది, దానితో పాటే తెర కూడా. క్యాసెట్‌లో దుమ్ము చేరిందనుకున్నారు పిల్లలు. పెద్దవాళ్ళూ అదే అనుకున్నారు.

అసలు అక్కడ జరుగుతున్నది ఏమిటంటే, ఆ యంత్రం తనని తాను సెకనుకోసారి రీసెట్ చేసుకుంటోంది. పాడైపోయి కాదు. అలా చెయ్యమని దాన్ని తయారుచేసినవాళ్ళే చెప్పారు కాబట్టి. మనవాళ్ళలో సగం మంది రోజంతా రీస్టార్టులతోనే బతుకుతారు గనక, ఈ రీసెట్ ఎక్కడిదో, ఎవరి కోసమో చెప్పుకోవడం బాగుంటుందనిపించింది.

కొంచెం వెనక్కి వెళ్ళాలి. అటారీ వాళ్ళ గేమ్ యంత్రం 1977లో వచ్చింది. దానికి తాళం గీళం ఏమీ లేదు. క్యాసెట్ ఎలా పనిచేస్తుందో తెలిసినవాడెవడైనా గేమ్ రాసి అమ్ముకోవచ్చు. 1979లో అటారీ నుంచే బయటికొచ్చిన ప్రోగ్రామర్లు యాక్టివిజన్ పెట్టి చేసిందదే. అటారీ కోర్టుకెళ్ళింది గానీ వాళ్ళని ఆపలేకపోయింది. ఆ తర్వాత అందరూ దిగారు. మంచి గేములు, చెత్త గేములు, మరీ చెత్త గేములు, అన్నీ ఒకే షెల్ఫులో. 1983కల్లా అమెరికాలో మార్కెట్ కుప్పకూలింది. అటారీ అమ్ముడుపోని సరుకుని లారీల్లో తీసుకెళ్ళి న్యూ మెక్సికోలో ఆలమొగోర్డో దగ్గర చెత్త గోతిలో పూడ్చింది. చాలామంది దీన్ని పుకారే అనుకున్నారు. 2014లో తవ్వితే నిజంగానే క్యాసెట్లు బయటపడ్డాయి.

సరిగ్గా ఆ ఏడే, 1983 జూలైలో, జపాన్‌లో నింటెండో ఫ్యామికామ్ అనే యంత్రాన్ని వదిలింది. దాని తొలి నాటి సంగతి ఒకటి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. మొదటి విడత యంత్రాల్లో ఒక చిప్ లోపం వల్ల గేములు మధ్యలో ఆగిపోయేవి. నింటెండో అమ్మిన యంత్రాల్ని వెనక్కి తెప్పించి, మదర్‌బోర్డులు మార్చి ఇచ్చింది. బోలెడు ఖర్చు, కానీ ఎవర్నీ ఊదుకోమనలేదు.

అమెరికాకి వచ్చేసరికి కథ మారింది. అక్కడి షాపుల వాళ్ళు చేతులు కాల్చుకుని ఉన్నారు, "వీడియో గేమ్" అనే మాట వింటేనే తలుపేసే పరిస్థితి. దాంతో నింటెండో వాళ్ళు డబ్బా వాలకమే మార్చేశారు. ఎరుపు తెలుపు బొమ్మలా ఉండే ఫ్యామికామ్ పోయి, వీసీఆర్‌లాంటి బూడిద రంగు పెట్టె వచ్చింది. పేరు కూడా గేమ్ మెషీన్ కాదు, "ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్". జపాన్ యంత్రంలో క్యాసెట్ పైనుంచి గుచ్చుతారు. దీన్లో వీసీఆర్‌లో టేపు తోసినట్టు ముందు నుంచి తోసి, కిందికి నొక్కాలి. 1985 అక్టోబర్‌లో న్యూయార్క్‌లో అమ్మి చూశారు, 1986లో దేశమంతా వదిలారు.

ఆ తోసి నొక్కే ఏర్పాటే మొదటి తలనొప్పి. లోపల 72 పిన్నుల కనెక్టర్ ఉంటుంది. పేరుకి అది "జీరో ఇన్సర్షన్ ఫోర్స్" రకం, అంటే గుచ్చడానికి బలం అక్కర్లేదని. క్యాసెట్ కిందికి దిగినప్పుడు పిన్నులు స్ప్రింగుల్లా వంగి దాన్ని పట్టుకోవాలి. కొన్ని వందలసార్లు వంగితే ఏ స్ప్రింగైనా ఏమవుతుంది? సాగిపోతుంది. పైగా గాలికి లోహం మీద పొర కడుతుంది. ఇవి రెండూ కలిస్తే ఎప్పుడు ఏ పిన్ను తగులుతుందో, ఏది తగలదో ఆ బ్రహ్మకే తెలియాలి.

ఇంతవరకూ ఇది మామూలు మెకానికల్ గోల. అసలు సంగతి ఇప్పుడు.

అటారీకి పట్టిన గతి తమకి పట్టకూడదని నింటెండో ఒక చిన్న చిప్ పెట్టింది. దాన్లో నడిచే ప్రోగ్రామ్ పేరు 10ఎన్‌ఈఎస్. షార్ప్ కంపెనీ తయారుచేసిన 4 బిట్ల మైక్రోకంట్రోలర్ అది. యంత్రంలో ఒకటి, ప్రతి క్యాసెట్‌లోనూ ఒకటి. యంత్రంలోది తాళం, క్యాసెట్‌లోది తాళంచెవి. పవర్ రాగానే రెండూ ఒకే క్లాక్ మీద, ఒకే లెక్క మొదలుపెడతాయి. పైకి అడ్డదిడ్డంగా కనిపించే అంకెల వరస ఒకటి తయారుచేసి ఒకదానికొకటి పంపుకుంటూ, "నా లెక్కా నీ లెక్కా ఒకటేనా" అని పోల్చుకుంటూ ఉంటాయి. గేమ్ నడుస్తున్నంతసేపూ ఈ ముచ్చట సాగుతూనే ఉంటుంది. ఎక్కడ తేడా వచ్చినా తాళం చిప్ అసలు ప్రాసెసర్‌ని రీసెట్‌లో పడేస్తుంది, వదులుతుంది, మళ్ళీ పడేస్తుంది. సెకనుకోసారి. అదే ఆ ఎర్ర లైటు.

ఇప్పుడు పిన్నుల లెక్క చూడండి. జపాన్ క్యాసెట్‌కి 60 పిన్నులు, అమెరికా క్యాసెట్‌కి 72. ఈ 72లో 4 పిన్నులు కేవలం ఈ కాపలా చిప్పుల సంభాషణ కోసం. గేమ్ కోడ్, బొమ్మలు, అడ్రసులు వచ్చే పిన్నులన్నీ చక్కగా తగిలినా, ఈ నాలుగింట్లో ఒక్కటి తగలకపోతే చాలు, గేమ్ రాదు. మనం సిస్టమ్ డిజైన్‌లో "అనుమానమొస్తే తలుపు మూసెయ్" అంటామే, అది. బ్యాంకు లావాదేవీకి ఆ పద్ధతి సబబే. కానీ వదులు స్ప్రింగుల మీద, పదేళ్ళ పిల్లాడి బొమ్మలో, మనిషికీ డబ్బుకీ ఏ ప్రమాదమూ లేని చోట? ఫ్లాటు మీదే, తాళంచెవి మీదే, ఈఎంఐ కట్టేదీ మీరే. గేటు దగ్గర వాచ్‌మన్‌కి మాత్రం చెవుడు. మీరు చెప్పిన పేరు వాడికి సరిగ్గా వినపడకపోతే సెకనుకోసారి మీ ఇంట్లో కరెంటు తీసి వేస్తుంటాడు. పైగా ఆ వాచ్‌మన్ జీతం మీ మెయింటెనెన్స్‌లోనే కలిపి ఉంటుంది.

నాకు అన్నిటికంటే కష్టమనిపించేది ఇంకొకటి. ఆ లైటు కారణం చెప్పదు. "క్యాసెట్ నకిలీది" అనదు, "పిన్ను తగల్లేదు" అనదు. ఎర్రర్ కోడ్ లేదు, లాగ్ లేదు. దాంతో నింద దుమ్ము మీద పడింది, పిల్లల మీద పడింది. "జాగ్రత్తగా వాడుకోవడం చేతకాదు వెధవకి" అని ఎన్ని ఇళ్ళలో తిట్లు పడి ఉంటాయో!

జనం వాళ్ళ తంటాలు వాళ్ళు పడ్డారు. పూర్తిగా తొయ్యకుండా కొంచెం ఇవతలికి ఆపడం, ఒక పక్కకి జరపడం, పైన ఇంకో క్యాసెట్ దూర్చి బిగించడం. అన్నిటికన్నా పేరుమోసింది ఊదడం. ఇవన్నీ ఎందుకు పనిచేసినట్టనిపించాయంటే, వీటన్నిట్లో ఒక పని ఉమ్మడిగా ఉంది: క్యాసెట్ తీసి మళ్ళీ పెట్టడం. పెట్టిన ప్రతిసారీ పిన్నులు కొత్తగా తగులుతాయి, అంటే లాటరీ టికెట్ ఇంకోటి కొన్నట్టే. టికెట్ తగిలితే పేరు ఊపిరికి వచ్చింది. నిజానికి ఊపిరిలో తేమ ఉంటుంది, అది లోహాన్ని తినేస్తుంది. ఒకాయన ఒకే రకం క్యాసెట్లు రెండు తీసుకుని, ఒకదాన్ని నెల్లాళ్ళు రోజూ ఊది, రెండోదాన్ని ముట్టుకోకుండా ఉంచి ఫొటోలు తీశాడు. ఊదినదాని మీద మరకలు బాగా కనబడ్డాయి. ఒక్క శాంపిల్‌తో చేసినదాన్ని పరిశోధన అనలేం గానీ, ఊదొద్దని నింటెండో సపోర్ట్ వాళ్ళూ ఇదే కారణం చెప్పారు. 1989లో క్లీనింగ్ కిట్ అమ్మకానికి పెట్టారు. ఫ్యామికామ్‌లు వెనక్కి తెప్పించి బోర్డులు మార్చింది కూడా ఈ కంపెనీయే అని గుర్తుచేసుకుంటే నాకు కొంచెం మండుతుంది.

రీసెట్ అంటే ఏమిటో కూడా ఒకసారి చూద్దాం, ఎందుకంటే ఈ యంత్రాల్లో అది చాలా మందికి తెలియని వింత. రీసెట్ కొడితే అన్నీ తుడిచిపెట్టుకుపోతాయని మనం అనుకుంటాం. పోవు. దాన్లో ఉన్నది 6502 వంశపు ప్రాసెసర్. రీసెట్ లైను వదలగానే అది చేసేది ఒకటే: మెమరీ చివర్లో ఒక ఖాయమైన చోట రాసి ఉన్న అడ్రసు చదివి, అక్కడికి గెంతడం. 2 కిలోబైట్ల ర్యామ్‌లో ఏముందో అది అలాగే ఉంటుంది. తుడవడం, తుడవకపోవడం గేమ్ రాసినవాడి ఇష్టం.

సూపర్ మారియో బ్రదర్స్ (1985) రాసినవాళ్ళు దీన్ని భలే వాడుకున్నారు. కోడ్ మొదలవగానే ర్యామ్‌లో టాప్ స్కోర్ ఉండే ఆరు అంకెలూ చూస్తుంది, ఒక్కోటీ 10 కంటే చిన్నదేనా అని. తర్వాత ఒక ప్రత్యేకమైన బైట్‌లో 10100101 ఉందా అని చూస్తుంది. రెండూ సరిపోతే "ఇది రీసెట్ మాత్రమే, కరెంటు పోలేదు" అని తేల్చుకుని, స్కోర్ అట్టే పెట్టి మిగతాది తుడుస్తుంది. లేకపోతే మొత్తం తుడుస్తుంది. చెక్‌సమ్ లాంటి భారీ హంగులేం లేవు. నలభై ఏళ్ళ కిందటి ఆ చిన్న లూప్ చూస్తే మన ఇప్పటి కోడ్ రివ్యూలు గుర్తొచ్చి సిగ్గేస్తుంది :)

జపాన్ పిల్లలు దీన్నుంచి ఇంకో ఆట కనిపెట్టారు. మారియో ఆడుతూ ఆడుతూ, పవర్ ఆపకుండానే క్యాసెట్ పీకేసి, టెన్నిస్ గేమ్ పెట్టి రీసెట్ కొట్టి కాసేపు ఆడేవారు. మళ్ళీ అది పీకి, మారియో పెట్టి రీసెట్. మారియో ఏ లోకంలో ఉన్నాడో రాసుకునే చోటే టెన్నిస్ తన లెక్క ఇంకేదో రాసుకుంటుంది. కాబట్టి కంటిన్యూ కొడితే 8 లోకాలే ఉన్న ఆటలో 9వ లోకం ప్రత్యక్షం. అసలు లేని లోకాలు, నీళ్ళలో మునిగిన కోటలు! ఒక బైట్ కనుక 256 లోకాలని లెక్క. ఫ్యామికామ్‌లో కాపలా చిప్ లేదు కాబట్టే ఇది కుదిరింది. అమెరికా యంత్రంలో క్యాసెట్ పీకగానే తాళం చిప్ రీసెట్లు మొదలెడుతుంది.

రీసెట్ మంచికి వాడిన సందర్భం కూడా ఉంది. 1987లో అమెరికాలో వచ్చిన లెజెండ్ ఆఫ్ జెల్డా బంగారు రంగు క్యాసెట్‌లో చిన్న బ్యాటరీ ఉంటుంది, ఆట ఎక్కడిదాకా వచ్చిందో ఆ బ్యాటరీ మెమరీలో సేవ్ అవుతుంది. దాంతో పాటు ఒక విచిత్రమైన సూచన: ఆపేటప్పుడు రీసెట్ బటన్ నొక్కి పట్టుకుని, అప్పుడు పవర్ ఆపండి. అప్పట్లో పిల్లలకి ఇది మంత్రంలా అనిపించి ఉంటుంది. కారణం మాత్రం చాలా సబబైనది. స్విచ్ ఆపినప్పుడు వోల్టేజ్ ఒక్కసారిగా సున్నా అవదు, జారుతూ పడిపోతుంది. ఆ క్షణకాలంలో ప్రాసెసర్‌కి మతి తప్పి ఎక్కడపడితే అక్కడ రాసేస్తే, మీ వారం రోజుల ఆట గోవిందా. రీసెట్ నొక్కి పట్టుకుంటే ప్రాసెసర్ కదలదు, రాయదు. ఇక్కడ రీసెట్ ఆటగాడి వైపు నిలబడింది. అదే ప్రాసెసర్, అదే లైను. లాగేది ఎవరన్నదే తేడా.

మళ్ళీ తాళం దగ్గరికొద్దాం. తాళంచెవి చిప్ నింటెండో దగ్గరే దొరుకుతుంది కాబట్టి గేమ్ కంపెనీలన్నీ వాళ్ళ షరతులకి తలూపాల్సి వచ్చింది. ఏడాదికి 5 గేములే. ఇక్కడ వదిలిన గేమ్ రెండేళ్ళదాకా ఇంకో యంత్రానికి ఇవ్వకూడదు. క్యాసెట్లు తయారుచేసేది కూడా నింటెండోయే. చెత్త గేములు ఆపడానికి అని చెప్పారు. కొంత నిజమే, 1983 చూసినవాళ్ళు ఆ మాట కొట్టిపారెయ్యలేరు. కానీ అంకగణితం ఎటు మొగ్గుతుందో మీకూ తెలుసు.

అటారీ గేమ్స్ (పాత అటారీ నుంచి విడిపోయిన ఆర్కేడ్ విభాగం) ముందు చిప్‌ని పొరలు పొరలుగా ఒలిచి చదవాలని చూసింది, కుదరలేదు. 1987 డిసెంబర్‌లో లైసెన్స్ తీసుకుంది. తర్వాత వాళ్ళ లాయర్ చేసిన పని సినిమాలకి పనికొస్తుంది. 10ఎన్‌ఈఎస్ సోర్స్ కోడ్ కాపీ ఒకటి అమెరికా కాపీరైట్ ఆఫీసులో జమ చేసి ఉంది. "మా మీద నింటెండో కేసు వేసింది, వాదించుకోవడానికి ఆ కాపీ కావాలి" అని అడిగారు. ఆఫీసు ఇచ్చేసింది. అప్పటికి అలాంటి కేసే లేదు! ఆ కోడ్ చేతిలో పెట్టుకుని రాబిట్ అనే సొంత తాళంచెవి చేసి, టెంజెన్ పేరుతో నల్ల క్యాసెట్లు వదిలారు. 1988 డిసెంబర్‌లో గుత్తాధిపత్యం అంటూ తామే నింటెండో మీద కేసు వేశారు. 1989 నవంబర్‌లో నింటెండో తిరిగి వేసింది.

1992లో ఫెడరల్ సర్క్యూట్ కోర్టు చెప్పింది మన వృత్తిలో ఉన్నవాళ్ళు తెలుసుకోదగ్గది. కొన్న చిప్‌ని విప్పి, దాని వెనక ఉన్న ఆలోచనని అర్థం చేసుకోవడానికి అవసరమైనంత మేరకి కాపీ చెయ్యడం తప్పు కాదు. కానీ అబద్ధం చెప్పి సోర్స్ తెచ్చుకున్నవాడికి ఆ రక్షణ లేదు. పైగా తాళం తియ్యడానికి అక్కర్లేని భాగాలు కూడా రాబిట్‌లో 10ఎన్‌ఈఎస్‌ని పోలి ఉన్నాయి. పక్కవాడి పేపర్ కొట్టేసినవాడు కొట్టివేతలతో సహా ఎత్తి రాసినట్టు దొరికిపోయారు. ఆ ఏడే సెగా, అక్కొలేడ్ కేసులో ఇంకో కోర్టు నిజాయితీగా రివర్స్ ఇంజనీరింగ్ చేసినవాళ్ళ పక్షాన నిలిచింది. నింటెండో, అటారీ గేమ్స్ 1994లో రాజీపడ్డాయి.

కలర్ డ్రీమ్స్ లాంటి చిన్న కంపెనీలు ఇంత దూరం పోలేదు. పవర్ రాగానే తాళం చిప్ పిన్ను మీదికి ఒక వోల్టేజ్ దెబ్బ కొట్టేవి. దాంతో చిప్ మూర్ఛపోతే గేమ్ హాయిగా నడుస్తుంది. నింటెండో బోర్డులో మార్పులు చేసి ఆ దెబ్బ తగలకుండా చూసుకునేది, వీళ్ళు ఇంకో దెబ్బ వెతుక్కునేవాళ్ళు.

ఇన్ని చేసి చివరికి ఏమైంది? 1993లో నింటెండోయే ఎన్‌ఈఎస్‌ని మళ్ళీ డిజైన్ చేసి 50 డాలర్లకి వదిలింది. దాన్లో క్యాసెట్ పైనుంచి గుచ్చాలి, జపాన్‌లో పదేళ్ళ కింద ఉన్నట్టే. వంగే కనెక్టర్ తీసేశారు. తాళం చిప్ కూడా తీసేశారు. ఎర్ర లైటు గోల అంతటితో సరి. అప్పటికి వాళ్ళ వ్యాపారమంతా తర్వాతి యంత్రం సూపర్ నింటెండో మీదుంది, దానికి దాని సొంత తాళం ఉంది. పాత యంత్రాలున్నవాళ్ళు మాత్రం దాన్ని విప్పి, తాళం చిప్‌లో 4వ పిన్నుని బోర్డు నుంచి విడదీయడం నేర్చుకున్నారు. అది విడితే ఆ చిప్ తాను తాళమన్న సంగతి మరచిపోయి, తాళంచెవినే అనుకుంటుంది. ఇక ఎవర్నీ రీసెట్ చెయ్యదు. అంటే చేతికి కటింగ్ ప్లయర్ దొరికితే అయిదు నిమిషాల్లో పోయే జబ్బు అది. కోట్లాది ఇళ్ళలో పిల్లలు దానికి ఏళ్ళ తరబడి ఊపిరి వైద్యం చేశారు.

మన సంగతి? మనూళ్ళలో అమ్మినవి ఎక్కువగా ఫ్యామికామ్ నకళ్ళు, 60 పిన్నులవి. మా మావయ్య కోఠీ నుంచి తెచ్చినది కూడా అదే బాపతు. డబ్బా మీద కంపెనీ పేరు చదవడానికి కూడా రాదు, క్యాసెట్ మీద "9999999 ఇన్ 1" అని ఉండేది, లోపల తిప్పి తిప్పి అవే గేములు. తాళం లేదు, తాళంచెవి లేదు, అడిగేవాడు లేడు. పిన్ను సరిగ్గా తగలకపోతే బొమ్మ చెదిరేది, తగిలితే వచ్చేది. ఆ నకిలీ డబ్బా తన జబ్బేమిటో దాచకుండా తెర మీద చూపించేది.

ఈ మధ్య ఫోన్‌లో అన్నయ్యకి ఇదంతా చెప్పుకొచ్చాను, స్ప్రింగులు, తేమ, లాటరీ టికెట్లు, అన్నీ. ఓపిగ్గా విన్నాడు.

"అదంతా సరేరా," అన్నాడు, "మరి నువ్వు ఊదితే ఎందుకు వచ్చేది కాదు?"